క్వార్టరు ధరకు రెండు గట్లు

యానాం నుంచి ఎదుర్లంక వైపు బాలయోగి వారధి ఎక్కితే కిందంతా గౌతమి. ఒడ్డు మారినా భాష మారదు, వరి మారదు, కొబ్బరి మారదు, పులస కోసం జనం పెట్టే ఖర్చు కూడా మారదు. మారేది మందు రేటు. అదే కంపెనీ, అదే 180 ఎంఎల్ క్వార్టరు, సీసా మీద అతికించిన లేబుల్ మాత్రం వేరు, ఎందుకంటే ఇటు పుదుచ్చేరి, అటు ఆంధ్రప్రదేశ్. వంతెన దాటినంత మాత్రాన సీసాలో ఉన్న సరుకు మారిపోదు కదా, కాబట్టి ఆ తేడా మొత్తం ప్రభుత్వాలు పెట్టుకున్నదే.

మద్యం పన్ను మీద జీవో ఇచ్చేవాళ్లు రేటు మా చేతిలోనే ఉందనుకుంటారు. గోదావరి డెల్టాలో కాస్త తిరిగి చూస్తే అది కాలవలో నీళ్ల లాంటిదని తెలుస్తుంది, రెండు గట్ల మధ్య ఉన్నంతసేపే చెప్పిన దారిలో పోతుంది. ఒక గట్టు యానాం, రెండో గట్టు లంకల్లో కాసే నాటుసారా. రేటు పెంచుకుంటూ పోతే ఏదో ఒక గట్టుకు గండి పడుతుంది, పడింది కూడా, ఒకసారి కాదు.

ముందు చిన్న లెక్క ఒకటి. మన దగ్గర అమ్మే బ్రాందీ, విస్కీల్లో మామూలుగా ఉండే ఘాటు 42.8 శాతం. అంటే క్వార్టరులో అసలు ఆల్కహాలు 77 ఎంఎల్. డిస్టిలరీ నుంచి వచ్చే ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాలు, ఆ వ్యాపారంలో అందరూ ఈఎన్ఏ అనే అంటారు, 96 శాతం ఉంటుంది గనక ఒక క్వార్టరుకు 80 ఎంఎల్ పడుతుంది. పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కు 2024-25లో కేంద్రం కట్టిన రేటు సి-హెవీ మొలాసిస్ (పంచదార తీశాక మిగిలే మడ్డి) రకానికి లీటరు 57 రూపాయల 97 పైసలు, మొక్కజొన్న రకానికి 71 రూపాయల 86 పైసలు. ఈఎన్ఏ కూడా ఆ ఇంటి సరుకే కాబట్టి లీటరు 70 వేసుకుందాం. 80 ఎంఎల్‌కు అయ్యేది 5 రూపాయల 60 పైసలు. 2024 అక్టోబరు తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా చవగ్గా దొరికే క్వార్టరు 99 రూపాయలు. సీసా, మూత, లేబుల్, అట్టపెట్టె, రంగు కోసం కారమెల్, వాసన కోసం ఎసెన్స్, ఫ్యాక్టరీ లాభం, లారీ కిరాయి అన్నీ కలిపినా 99లో అది చిన్న వాటాయే. మిగతాది సర్కారుకీ, సర్కారు అనుమతితో అమ్మేవాడికీ పోయే డబ్బు. తాగేవాడు కొనేది సరుకు కన్నా ఎక్కువగా అనుమతి అన్నమాట.

అనుమతికి అంత ఖరీదు ఎలా వచ్చిందంటే, చట్టం అలాగే కట్టింది. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్రాల జాబితా 8వ పద్దు మత్తు పానీయాల తయారీ, రవాణా, అమ్మకం మొత్తం రాష్ట్రానికి అప్పగించింది, 51వ పద్దు వాటి మీద ఎక్సైజ్ వేసుకోమంది. 47వ అధికరణం మాత్రం మత్తు పానీయాలను మాన్పించే ప్రయత్నం చెయ్యమని అదే రాష్ట్రానికి చెప్పింది. మాన్పించమన్నదీ రాష్ట్రాన్నే, పన్ను వసూలు చేసుకోమన్నదీ రాష్ట్రాన్నే. ఏ పార్టీ వచ్చినా సభలో 47 గురించి మాట్లాడుతుంది, బడ్జెట్‌లో 51 మీద బతుకుతుంది.

పైగా సుప్రీంకోర్టు 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో మద్యం వ్యాపారం చెయ్యడం పౌరుడికి ప్రాథమిక హక్కు కాదని తేల్చింది. ఆ వ్యాపారం రాష్ట్రానిదే, కావాలంటే తనే చేసుకుంటుంది, లేదంటే ఫీజు తీసుకుని ఇంకొకరి చేతిలో పెడుతుంది. లైసెన్సు ఫీజునీ ప్రివిలేజ్ ఫీజునీ పన్ను అనకపోవడానికి కారణం ఇదే, అవి రాష్ట్రం తన హక్కును అమ్ముకున్నందుకు వచ్చిన ధర. కిరాణా కొట్టువాడి దగ్గర ట్రేడ్ లైసెన్సుకు లక్షలు అడిగితే కోర్టుకు పోతాడు, బ్రాందీ షాపువాడు మాత్రం పే ఆర్డరు పట్టుకుని క్యూలో నిలబడతాడు.

2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు తాగే మద్యాన్ని రాజ్యాంగ సవరణలోనే బయట పెట్టారు. పంచదార, సిమెంటు, సబ్బు మీద సొంతంగా రేటు పెట్టే వీలు పోయాక రాష్ట్రాలకు తమ ఇష్టప్రకారం తిప్పుకోవడానికి మిగిలిన కుళాయిలు రెండే, ఒకటి పెట్రోలు, డీజిల్, రెండోది మందు. అందుకే ఏ రాష్ట్రమూ దీన్ని జీఎస్టీలో కలపనివ్వదు. ఈఎన్ఏ మీద చాలా కాలం తగువు నడిచింది, తాగే మద్యంలో వాడే ఈఎన్ఏ జీఎస్టీకి బయటే అని 2023 అక్టోబరులో జీఎస్టీ కౌన్సిల్ ఒప్పుకుంది. తర్వాత 2024 అక్టోబరు 23న తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం 8-1 తేడాతో పారిశ్రామిక ఆల్కహాలు కూడా మత్తు పానీయాల పద్దు కిందికే వస్తుందని తీర్పు చెప్పింది, జస్టిస్ నాగరత్న ఒక్కరే ఒప్పుకోలేదు. తణుకు, సామర్లకోట లాంటి చోట్ల చక్కెర మిల్లూ ఆల్కహాలూ ఒకే గేటు లోపల పెరిగాయి కాబట్టి మనవాళ్లకు ఇదేమీ దూరపు తగాదా కాదు. సామర్లకోట పాత మిల్లు కంపెనీ పేరే డెక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ, పంచదారతో పాటు అబ్కారీ, అంటే మద్యం వ్యవహారం, మాటను కూడా బోర్డు మీదే రాసుకున్న కంపెనీ.

ఇక పన్ను కొలిచే పద్ధతి. స్పిరిట్ మీద ఎక్సైజ్ లెక్కకు పాత కొలత ప్రూఫ్ లీటరు. ఒకప్పుడు ఇంగ్లండులో సారాలో తడిపిన తుపాకీ మందు అంటుకుంటే ఘాటు ఉన్నట్టు, అంటుకోకపోతే నీళ్లు కలిపినట్టు, ఆ హద్దు దాదాపు 57.1 శాతం. వాళ్లు ఆ కొలతను 1980లో వదిలేశారు, మన ఎక్సైజ్ పుస్తకాల్లో ఇంకా ఉంది. 42.8 శాతాన్ని మన లేబుళ్ల మీద 25 అండర్ ప్రూఫ్ అంటారు, అంటే ప్రూఫ్‌లో నాలుగింట మూడొంతులు. 180 ఎంఎల్ సీసాలు 48 ఉన్న ఒక కేసులో 8.64 లీటర్లు, ప్రూఫ్ లెక్కలో 6.48 లీటర్లు. ఘాటును బట్టి పన్ను వేస్తే చీప్ లిక్కర్‌కీ ఖరీదైన విస్కీకీ ఒకటే పడాలి, పేదవాడి సీసా మీద అది మోయలేనంత అవుతుంది. అందుకని రాష్ట్రాలు కంపెనీ ఇచ్చే బేసిక్ రేటును బట్టి శ్లాబులు పెట్టాయి. దానితో ఇంకో తిరకాసు వచ్చింది. శ్లాబు గీతకు ఒక్క రూపాయి ఇవతల రేటు కోట్ చేస్తే చాలు, కేసు మొత్తం మీద పన్ను తగ్గుతుంది, కంపెనీలకు ఆ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. దీనిపైన ఎక్సైజ్ కలిసిన రేటు మీద మళ్లీ వ్యాట్. పన్ను మీద పన్ను. బిల్లు చూసిన మనిషికి ఏది ఎంతో అంతుపట్టదు, అయినా మన దగ్గర బ్రాందీ షాపులో బిల్లు అడిగేదెవరు?

యానాం సంగతికి వద్దాం. ముప్ఫై చదరపు కిలోమీటర్ల ముక్క, చుట్టూ కాకినాడ, కోనసీమ జిల్లాలు. ఇక్కడ చట్టం తేడా వాడుకోవడం మందుతో మొదలవలేదు. 1929లో శారదా చట్టం వచ్చాక పిల్లలకు పెళ్లి చెయ్యాలనుకున్న తెలుగువాళ్లు బళ్లు కట్టుకుని ఫ్రెంచి యానాం వచ్చి చేసుకుపోయేవాళ్లు, అందుకే దానికి కల్యాణపురం అన్న పేరుంది. 1954 నవంబరు 1న యానాం పాలన ఫ్రెంచివాళ్ల చేతిలోంచి భారతదేశానికి వచ్చింది. సరిగ్గా అయిదు రోజులకు, నవంబరు 6న, కర్నూలులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం గొడవ మీదే అవిశ్వాసంలో ఒక్క ఓటుతో కూలిపోయింది. రెండూ ఒకే వారంలో జరగడం యాదృచ్ఛికమే, కాకపోతే తర్వాతి డెబ్బై ఏళ్ల కథకు ఇంతకన్నా మంచి మొదలు దొరకదు.

యానాంలో మందు ఎందుకు చవక? పుదుచ్చేరి చిన్న ప్రాంతం. పెద్ద రాష్ట్రానికి తాగేవాళ్లు తన జనమే, రేటు పెంచితే రాబడి పెరుగుతుంది. చిన్న ప్రాంతానికి మాత్రం కొనేవాళ్లు సరిహద్దు అవతలి నుంచి వస్తారు, రేటు తగ్గిస్తేనే రాబడి. తక్కువ పన్ను ఎక్కువ సీసాల మీద. వాళ్ల కోణంలో చూస్తే తప్పేమీ లేదు, కాకపోతే వాళ్ల రాబడిలో కొంత కాకినాడ, అమలాపురం జేబుల్లోంచి పోతోంది. ఎక్సైజ్ భాషలో ఇలా దాటొచ్చిన సరుకును ఎన్‌డీపీఎల్ అంటారు, అంటే ఈ రాష్ట్రానికి డ్యూటీ కట్టని లిక్కర్. ఊళ్లో మాత్రం యానాం సరుకు అంటే చాలు.

దీనికి అసలైన పరీక్ష 2020. లాక్‌డౌన్ తర్వాత మే 4న షాపులు తెరుస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రేట్లు 25 శాతం పెంచింది, మర్నాడే ఇంకో 50 శాతం, మొత్తం 75. ఏ సరుకు మీదా రెండు రోజుల్లో అంత పెంపు జరగదు. పుదుచ్చేరి కూడా అదే నెలలో ప్రత్యేక ఎక్సైజ్ వేసి పక్క రాష్ట్రాలతో రేట్లు సమానం చేసింది, యానాంలో ఆంధ్ర రేటు. దాదాపు పదకొండు నెలలు గట్టు గట్టిగా నిలబడింది, 2021 ఏప్రిల్లో ఆ పన్ను తీసేయగానే తేడా మళ్లీ మొదలు. ఇంతకన్నా తేటగా ఉన్న ప్రయోగం కావాలని పరిశోధకులు అడిగినా దొరకదు. చెక్‌పోస్టులో ఎంత మందిని పెట్టినా చెయ్యలేని పనిని రెండు రేట్లు సమానం చెయ్యడం చేసేసింది.

ఆ పదకొండు నెలల్లోనే మూడు సీసాల కథ. ఒక మనిషి మూడు సీసాల దాకా దగ్గర ఉంచుకోవచ్చని రూలు ఉంది కదా, పక్క రాష్ట్రం నుంచి తెచ్చుకున్నవైతే ఏం అని కొందరు హైకోర్టుకు వెళ్లారు, 2020 సెప్టెంబరులో కోర్టు ఔనంది. అక్టోబరులో ప్రభుత్వం రూలే మార్చి, బయటి సరుకుకు పర్మిట్ ఉండాలంది. సీసా అదే, మనిషీ అతనే, నెల తిరిగేసరికి నేరం.

రెండో గట్టు మరీ ప్రమాదం. రోజు కూలికి వెళ్లేవాడు క్వార్టరు రేటు పెరిగితే యానాం బస్సెక్కడు. లంకలో రెల్లుగడ్డి మాటున కాసిందేదో దొరుకుతుంది, అటు పోతాడు. బెల్లం, నీళ్లు, తుమ్మ చెక్క, నవసారం డ్రమ్ముల్లో పోసి ఇసకలో పాతేస్తే నాలుగైదు రోజుల్లో ఊట సిద్ధం, బట్టీ పెట్టి ఆవిరి పడితే సారా. పెట్టుబడి తక్కువ, డ్యూటీ సున్నా. ఎక్సైజ్‌వాళ్లు పడవేసుకుని వచ్చేసరికి మనుషులు ఉండరు, ఊట మాత్రం ఉంటుంది, దాన్ని పారబోసి ఇన్ని లీటర్లు ధ్వంసం అని పేపరుకు ఫొటో ఇస్తారు. కోరంగి మడ అడవుల వైపూ అదే తంతు. డ్రమ్ము పోయినవాడికి మళ్లీ కావాల్సింది బెల్లం బుట్టే. బెల్లం మీద నిఘా పెట్టొచ్చు, పెట్టారు కూడా, కాకపోతే బెల్లం తినే వస్తువు, ప్రతి కొట్టులో ఉండేదే, దానికి లైసెన్సు పెట్టలేరు.

బెల్లం ఊటలో మిథనాల్ పెద్దగా పుట్టదు, ఆ మాట చెప్పుకోవాలి. ప్రాణం తీసేది చాలాసార్లు ఘాటు కోసం బయటి నుంచి కలిపే స్పిరిట్. మిథనాల్ ఒంట్లోకి వెళ్లాక ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు చూపును, తర్వాత ప్రాణాన్ని తీస్తుంది. 2020 జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా పోయారు, సెప్టెంబరు మొదట్లో ప్రభుత్వం చవక రకాల రేట్లు తగ్గించింది. 2022 మార్చిలో డెల్టాకు పైన మెట్టలో ఉన్న జంగారెడ్డిగూడెంలో వరసగా చావులు జరిగితే ప్రతిపక్షం నాటుసారా అంది, ప్రభుత్వం సహజ మరణాలంది, ఆ వాదన అసెంబ్లీలో రోజుల తరబడి నడిచింది. అప్పటికే 2021 డిసెంబరులో ఇంకోసారి రేట్లు తగ్గించాల్సి వచ్చింది. తాగేవాళ్లను తగ్గిస్తామని రేట్లు పెంచిన ప్రభుత్వమే ఒకటికి రెండుసార్లు దింపుకుందంటే గట్టు ఎక్కడుందో దానికీ తెలిసినట్టే.

పన్ను ఎంత అన్నదానితో పాటు ఎవరి చేత అమ్మించాలన్నది ఇంకో పెద్ద తికమక. 1980ల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారా ప్యాకెట్లు సరఫరా చేసింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం ఊరూరా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా తెచ్చింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం పెట్టారు, 1997లో చంద్రబాబు సడలించారు. ఆ రెండేళ్లూ యానాం మీద ఆ నిషేధ చట్టం లేదు, అదొక్కటి చెబితే డెల్టాలో నిషేధం ఎలా నడిచిందో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత వేలంపాటలు, వాటితో సిండికేట్లు, 2012లో వేలం పోయి లాటరీ. 2019 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వమే షాపులు నడిపింది, 4,380 కాస్తా 3,500, తర్వాత 2,934. అమ్మేవాడు ప్రభుత్వ ఉద్యోగి అయితే ఎక్కువ అమ్మాలన్న ఆశ ఉండదన్నది ఆలోచన, బాగానే ఉంది. జనం మర్చిపోనిది మాత్రం ఎప్పుడూ వినని బ్రాండ్లూ, ఫోన్‌పే పనిచెయ్యని కౌంటర్లూ. ఆ అయిదేళ్ల కొనుగోళ్ల మీద కేసులు కోర్టుల్లో ఉన్నాయి కాబట్టి ఆ చర్చ ఇక్కడొద్దు.

2024 అక్టోబరు 16 నుంచి మళ్లీ ప్రైవేటు. 3,396 షాపులకు 89,882 దరఖాస్తులు వచ్చాయి, ఒక్కోదానికి తిరిగి ఇవ్వని 2 లక్షలు. గుణిస్తే 1,797 కోట్ల 64 లక్షలు. ఒక్క సీసా అమ్మకముందే, చీటీ తియ్యకముందే వచ్చిన డబ్బు ఇది, ఇందులో ఎక్కువ భాగం షాపు రానివాళ్లది. దీన్ని పన్ను అనాలా, పందెం అనాలా? సంక్రాంతి బరుల దగ్గర పెరిగిన జిల్లాల్లో ఈ ప్రశ్నకు జవాబు ఎవరూ వెతకరు లెండి.

షాపు దక్కినవాడికి లైసెన్సు ఫీజు జనాభాను బట్టి మొదటి ఏడాదికి 50 నుంచి 85 లక్షలు పెట్టారు. మార్జిన్ 20 శాతం అన్నారు, చేతికి వచ్చేది అందులో సగమేనని వాళ్లు గోల పెడితే 2025 మొదట్లో 14 శాతానికి పెంచారు, అదే ఫిబ్రవరిలో 99 రకం, బీరు వదిలేసి సీసాకు 10 రూపాయలు పెరిగింది. డెల్టాలో వ్యవహారం తేలేది ఇక్కడే. ఫీజు ముందే కట్టినవాడు అది రాబట్టుకోవాలంటే సీసాలు ఎక్కువ కదలాలి, షాపు ఉన్న ఊళ్లోనే కదిలితే చాలదు. అందుకే ఏటిగట్టు వెంట ఊళ్లలో, పంటు పడవ దాటిన లంకల్లో బెల్టు షాపులు. కిళ్లీ కొట్టు వెనక, రొయ్యల చెరువు కాపలా పాకలో, సోడా బండి కింద గోనెసంచిలో. చట్టం ప్రకారం అవి లేవు. ఎక్సైజ్ రికార్డులో ఆ సీసా లైసెన్సు షాపులో అమ్ముడైపోయినట్టే, డ్యూటీ కట్టేశారు, వ్యాట్ కట్టేశారు, ప్రభుత్వానికి రావాల్సిందంతా వచ్చేసింది. అందుకే యానాం సీసా మీద ఉన్నంత కోపం బెల్టు సీసా మీద ఎవరికీ ఉండదు, ఈ సంగతి పైకి చెప్పరంతే.

కల్లుది వేరే దారి. తాటి కల్లులో ఘాటు అయిదు శాతం అటూ ఇటూ, పొద్దున దించింది సాయంత్రానికి పులుస్తుంది, సీసాలో పెట్టలేరు, డిపోలో నిల్వ చెయ్యలేరు. కొలవలేనిదాన్ని పన్నుకు పట్టడం కష్టం. 1886 మద్రాసు అబ్కారీ చట్టం నాటినుంచీ సర్కార్లకు కల్లు కన్నా డిస్టిలరీ సారా మీదే ప్రేమ, ఎందుకంటే డిస్టిలరీకి గేటు ఉంటుంది, గేటు దగ్గర గుమస్తాను కూర్చోబెట్టొచ్చు. తాటిచెట్టుకు గేటు పెట్టలేరు. 2024 పాలసీ కింద గీత కులాలకు విడిగా 340 షాపులు సగం లైసెన్సు ఫీజుకు కేటాయించారు. తరతరాలుగా చెట్టెక్కినవాడి ఇంటికి న్యాయం చేస్తామని, చివరికి చేతిలో పెట్టింది కల్లు ముంత కాదు, ఫ్యాక్టరీ బ్రాందీ సీసా.

ఇప్పుడు మొదటి లెక్కకు ఒక వరస కలపాలి. 99 రూపాయల క్వార్టరు లైసెన్సు షాపు నుంచి బైకు మీద రేవుకు వచ్చి, పంటెక్కి, లంకలో పాక చేరేసరికి దాని మీద ఇరవయ్యో ముప్ఫయ్యో ఎక్కుతుంది. రాత్రి తొమ్మిది దాటితే ఇంకో పది. ఆ డబ్బుకు జీవో లేదు, రసీదు లేదు, శ్లాబు అసలే లేదు. అందులో బైకువాడికి కొంత, పాకవాడికి కొంత, చూసీచూడనట్టు పోయేవాళ్లకు మామూలు కొంత. 5 రూపాయల 60 పైసల ఆల్కహాలు అక్కడ నూట ముప్ఫైకి అమ్ముడవుతుంటే, పక్క లంకలో ఊట డ్రమ్ము మూత తీస్తారు.